బేస్ ఇంజిన్ పికప్: వారమంతా ఊళ్లో, ఆదివారం ట్రైలర్‌తో

ఇసుజు డీ-మ్యాక్స్ ఎస్-క్యాబ్‌లో ఉండే 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఇచ్చేది 78 హార్స్ పవర్, 176 న్యూటన్ మీటర్ల టార్క్. అదే కంపెనీ వీ-క్రాస్‌లోని 1.9 లీటర్ల ఇంజిన్‌ది 163 హార్స్ పవర్, 360 న్యూటన్ మీటర్లు. మహీంద్రా బొలెరో క్యాంపర్ 2,523 సీసీ ఇంజిన్‌తో 75 హార్స్ పవర్, 200 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగుతుంది. ఈ అంకెలు పక్కపక్కన చూస్తే చిన్న ఇంజిన్, అంటే పవర్ తక్కువ ఉన్న ఇంజిన్, బండికి ట్రైలర్ తగిలించడమే పొరపాటేమో అనిపిస్తుంది. పొరపాటేం కాదు. కాకపోతే బరువు ఎంతో తెలిసి ఉండాలి, క్లచ్‌ను కాపాడుకోవాలి, బ్రేకులు ఎంతవరకు పట్టగలవో ఎరిగి ఉండాలి. బెంగళూరులో కేఆర్ పురం, మారతహళ్లి, హోస్కోటె వైపు టెంట్ హౌసులు, క్యాటరింగ్, జనరేటర్ అద్దె, మేస్త్రీ పనులు చేసుకునే మనవాళ్ల బండ్లు షెడ్డుకు చేరేది ఈ మూడింటి వల్లే. పవర్ చాలక షెడ్డుకు వచ్చే బండి అరుదు.

తూకం ముందు, హిచ్ తర్వాత

ఆర్‌సీలో జీవీడబ్ల్యూ (మనుషులు, సామానుతో కలిపి బండి తూగదగిన గరిష్ఠ బరువు) 2,850 కిలోలు, ఖాళీ బరువు 1,800 కిలోలు ఉన్న డబుల్ క్యాబ్ బండి అనుకుందాం. అంటే మనుషులు, సామాను అంతా కలిపి 1,050 కిలోలు ఎక్కించవచ్చు. ఇప్పుడు బాడీ ఖాళీగా ఉంచి, ఇద్దరు మనుషులు, కొన్ని పనిముట్లతో 200 కిలోలు వేసుకుని, వెనక 850 కిలోల జనరేటర్ ట్రాలీ తగిలించారు. మొత్తం 2,850. ఫుల్ లోడుతో ఆ ఇంజిన్ రోజూ మోసే బరువే ఇది. ఇంజిన్‌కు తేడా తెలియదు.

అదే, బాడీ నిండా షామియానా పైపులు వేసి వెనక ట్రాలీ కూడా కట్టారంటే మొత్తం 3,700 కిలోలు. నూటికి ఆరు వాలున్న ఎక్కుడు మీద, అంటే 100 మీటర్ల దూరానికి 6 మీటర్ల ఎత్తు ఎక్కే చోట, 50 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే 2,850 కిలోలకు ఇంజిన్ దగ్గర దాదాపు 50 హార్స్ పవర్ కావాలి. 3,700 కిలోలకు 60 కావాలి. 176 న్యూటన్ మీటర్ల ఇంజిన్ 2,400 ఆర్‌పీఎం దగ్గర ఇవ్వగలిగేది సరిగ్గా ఆ 60. అంటే చేతిలో ఏమీ మిగలదు. అందుకే మా సూత్రం ఒక్కటే: బాడీ నిండితే ట్రాలీ వద్దు, ట్రాలీ ఉంటే బాడీ ఖాళీ. పైగా ఎక్కడానికి ఇంజిన్ ఉంది కదా అనుకున్నా, ఆపడానికి ఉన్న బ్రేకులు మాత్రం ఆ ఒక్క బండివే.

హోస్కోటె రోడ్డులో వే బ్రిడ్జికి కరువు లేదు. ట్రాలీ కొన్నాక, అద్దెకు తీసుకున్నా సరే, మొదటిసారి మూడు తూకాలు వేయించండి: బండి ఒక్కటే, బండి ట్రాలీ కలిపి, ట్రాలీ విప్పి అదొక్కటే. అమ్మేవాడు '600 కిలోలే అన్నా' అన్న ట్రాలీ, ట్యాంకులో డీజిల్, పెట్టెలో కేబుళ్లు, పక్కన వేలాడే స్టెప్నీతో కలిపి ఎంత తూగుతుందో చీటీ చూస్తేనే తెలుస్తుంది.

ఇక కప్లర్ (ట్రాలీ ముక్కున బండికి తగిలే భాగం) దగ్గర పడే బరువు. ట్రైలర్ మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం హిచ్ బంతి (బండి వెనక కప్లర్ కూర్చునే గుండు) మీద మోపాలి. 850 కిలోలకు 60 నుంచి 85 కిలోలు. దీన్ని కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. ట్రాలీని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, మిషన్ మీద ఒక చెక్క దిమ్మె నిలబెట్టి, కప్లర్‌ను బంతి ఉండే ఎత్తులోనే దాని మీద దించండి. తక్కువ చూపిస్తే సామాను ముందుకు జరపాలి. ఈ బరువు తక్కువైతే 60 దాటగానే ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఎక్కువైతే వెనక ఇరుసు కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ గాల్లో తిప్పినట్టు ఉంటుంది. బంతి వెనక ఇరుసుకు 1.2 మీటర్లు వెనగ్గా ఉండి, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 3.1 మీటర్లు ఉంటే, బంతి మీద పెట్టిన 80 కిలోలు వెనక ఇరుసు మీద 111 కిలోలుగా పడతాయి. ఆ అదనపు 31 ముందు చక్రాల మీద నుంచి వచ్చినవే.

హిచ్, బోల్టులు, వైర్లు

టో బార్ అంటే ఛాసిస్ పొడవు కమ్మీలకు రెండు పక్కలా పడే బ్రాకెట్ ఉండాలి. బంపర్‌కు గానీ, వెనక అడ్డ కమ్మీ ఒక్కదానికి గానీ బిగించేది టో బార్ కాదు, అలంకారం. ఛాసిస్‌కు వెల్డింగ్ చేయిస్తామంటే ఒప్పుకోవద్దు. వేడి తగిలిన చోట స్టీలు పెళుసెక్కి, ఆ వెల్డింగ్ అంచునే పగులు మొదలవుతుంది. 8.8 గ్రేడ్ ఎం12 బోల్టులు, నైలాక్ నట్లు, రెండు వైపులా మందపాటి వాషర్లు వాడాలి. బిగింపు 80 న్యూటన్ మీటర్ల దగ్గర. బోల్టు తలమీద 8.8 అని అచ్చు లేకపోతే దాన్ని వాడొద్దు. 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి, ఎందుకంటే పెయింటు పొర నలిగిపోయి బిగువు తగ్గుతుంది.

మన దగ్గర జనరేటర్, కంప్రెసర్ ట్రాలీలకు ఎక్కువగా ఉండేది రింగు, పిన్ను. పిన్నుకు ఆర్-క్లిప్ తప్పనిసరి. కట్టుతీగ చుట్టి సరిపెట్టేవాళ్లున్నారు. స్పీడ్ బ్రేకర్ మీద ట్రాలీ ఎగిరినప్పుడు ఆ తీగ ఎంతసేపు ఆగుతుందో మీరే ఊహించుకోండి. పిన్ను ఊడినా ట్రాలీ రోడ్డున పడకుండా రెండు సేఫ్టీ చైన్లు కట్టాలి, అవి రింగు కింద ఒకదాన్నొకటి అడ్డంగా దాటాలి. అలా ఉంటే ముక్కు నేలకు తగలకుండా చైన్ల ఊయలలో ఆగుతుంది. మలుపులో బిగుసుకోకుండా, నేలకు రాసుకోకుండా ఉన్నంత వదులు చాలు.

వైరింగ్‌కు ఏడు పిన్నుల సాకెట్ వాడతారు. ప్రామాణికంగా 1 ఎడమ ఇండికేటర్, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటర్, 5 కుడి టెయిల్ లైటు, 6 బ్రేక్ లైటు, 7 ఎడమ టెయిల్ లైటు. ఎల్లో, వైట్, గ్రీన్, బ్రౌన్, రెడ్, బ్లాక్ అని ఆ వరుసలోనే రంగులూ ఉన్నాయి గానీ, ట్రాలీ కట్టిన ఎలక్ట్రీషియన్ చేతికి ఏ రంగు తీగ దొరికితే అది వాడి ఉంటాడు. కాబట్టి రంగు చూసి కలపకుండా టెస్ట్ ల్యాంప్‌తో ఒక్కో పిన్ను చూసుకోవాలి. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతోందంటే బల్బులు మార్చడం దండగ. ఎర్త్ పోయింది. కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేక పక్క బల్బు గుండా పోతోంది. ఎర్త్ తీగను ఛాసిస్‌కు కలిపే చోట పెయింటు గీకి, బిగించి, పైన గ్రీజు పూస్తే సరి. బండి తోక లైట్ల తీగలను కోసి ట్రాలీకి జాయింట్ కొట్టొద్దు. 15 ఆంపియర్ల ఫ్యూజుతో బ్యాటరీ నుంచి వేరే లైను తెచ్చి రిలేల ద్వారా ఇవ్వాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా. ట్రైలర్ కూడా చట్టం లెక్కలో మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. బండి ఇన్సూరెన్స్‌లో ట్రైలర్‌ను చూపించకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). జీవీడబ్ల్యూ 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో 7,500 కిలోల లోపు గూడ్స్ బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది.

క్లచ్: బెంగళూరు తినేది దీన్నే

టిన్ ఫ్యాక్టరీ దగ్గర, సిల్క్ బోర్డు దగ్గర బండి గంటకు నాలుగు కిలోమీటర్లు కదులుతుంది. వెనక ట్రాలీ ఉన్నప్పుడు అక్కడ అడుగడుగునా హాఫ్ క్లచ్‌లో జరుపుతూ పోవడం ప్లేటును కాల్చుకోవడమే. ముందు బండికీ మనకూ మధ్య మూడు బండ్ల ఖాళీ వచ్చేదాకా ఆగి, ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా వదిలి, ఆక్సిలరేటర్ ముట్టకుండా ఐడ్లింగ్ మీదే పోనివ్వండి. డీజిల్ ఇంజిన్ ఆ మాత్రం బరువును ఐడ్లింగ్ మీద లాగుతుంది. ఆ ఖాళీలోకి ఆటో దూరుతుంది. దూరనివ్వండి.

ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు బండిని క్లచ్ మీద నిలబెట్టొద్దు. హ్యాండ్ బ్రేక్ లాగి, క్లచ్ కరుచుకుని బానెట్ కొంచెం లేచినట్టు అనిపించగానే బ్రేక్ వదలాలి. ఎప్పుడూ ఫస్ట్‌లోనే కదలాలి. ఖాళీ బండికి సెకండ్‌లో కదిలే అలవాటు పడినవాళ్లు ట్రాలీ ఉన్నప్పుడు కూడా అదే చేస్తారు, రెండు నెలల్లో వాసన చెబుతుంది.

ప్లేటు అరిగిందో లేదో తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డు మీద థర్డ్ గేరులో 40 వేగంతో వెళ్తూ ఆక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగలేదంటే ప్లేటు జారుతోంది. మార్చేటప్పుడు ప్లేటు ఒక్కటే మారిస్తే డబ్బు ఆదా అని మెకానిక్ అంటాడు. గేర్ బాక్స్ దించే కూలీ రెండోసారి కూడా ఇవ్వాల్సి వస్తుందని మాత్రం అనడు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ నాలుగూ సెట్టుగా వేయించాలి. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే లేత్‌లో స్కిమ్మింగ్ చేయించాలి. గేర్ బాక్స్ దిగి ఉన్నప్పుడే క్రాంక్ వెనక సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో చూడండి, ఆ చెమ్మ కొత్త ప్లేటును వారంలో పాడుచేస్తుంది. విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో పెట్టె మీద కంపెనీ పేరు ఒక్క అక్షరం తేడాతో ఉండే సెట్లు కూడా దొరుకుతాయి. ప్లేటు నంబరు, స్ప్లైన్ పళ్ల లెక్క పాతదానితో సరిచూసుకోనిదే బిల్లు కట్టొద్దు.

క్లచ్ వదిలిన ప్రతిసారీ కింద నుంచి టక్కుమంటే అది క్లచ్ కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిప్పు చేరవేసే కడ్డీ) జాయింట్ క్రాస్. గ్రీజు నిపుల్ ఉంటే నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టించాలి. మూడింటి నుంచి వచ్చి ఒకదాని నుంచి రాలేదంటే ఆ కప్పులో సూదులు అప్పటికే పొడి అయి ఉంటాయి.

గేరు, బ్రేకు, మొగిలి ఘాట్

ఎస్-క్యాబ్ ఇంజిన్‌కు పూర్తి టార్క్ 1,500 నుంచి 2,400 ఆర్‌పీఎం మధ్య. క్యాంపర్‌కు 1,400 నుంచి 2,200. ఈ రెండంకెల మధ్య ఆర్‌పీఎం ముల్లును ఉంచడమే చిన్న ఇంజిన్ డ్రైవింగ్. అందులోనూ పై సగంలో ఉంచాలి, ఎందుకంటే టార్క్ అంతే ఉన్నా 1,500 దగ్గర చేతికొచ్చేది 37 హార్స్ పవర్, 2,400 దగ్గర 60. ఫిఫ్త్‌లో 1,300కు పడిపోయాక ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా పొగ, వేడి తప్ప ఏమీ రాదు. ఎక్కుడు కనిపించగానే, వేగం పడకముందే గేరు దించాలి.

చిత్తూరు వెళ్లేవాళ్లకు అసలు పరీక్ష పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుడులో. ఇక్కడ ఇంజిన్ బ్రేకింగ్ (ఆక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచడం) ఒక్కటే చాలదు. దిగుడు మొదలయ్యేలోపే థర్డ్‌కు రండి, ఇంజిన్ మోత 3,000 దాటుతుంటే బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి వేగం పదిహేను తగ్గించి పూర్తిగా వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ అలాగే. పాదం బ్రేకు మీద ఆనించి ఉంచితే లైనర్లకు చల్లారే సందు దొరకదు. కాలిన వాసన వచ్చి, పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగట్లేదంటే లైనర్లు వేడెక్కి పట్టు వదిలాయి. పెడల్ స్పంజిలా కిందికి పోతోందంటే బ్రేక్ ఆయిల్ మరిగింది. ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చమనేది. న్యూట్రల్‌లో దింపితే డీజిల్ మిగులుతుందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి ఆక్సిలరేటర్ వదిలితే డీజిల్ స్ప్రే చేయడమే మానేస్తాయి. కాబట్టి మిగిలేదీ లేదు.

బ్రేకు లేని 850 కిలోల ట్రాలీ కట్టినప్పుడు ఆగే దూరం ఎంత మారుతుందో చూడండి. ఖాళీ బండి 60 వేగం నుంచి, బ్రేకు పట్టాక, పొడి రోడ్డు మీద సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. అవే బ్రేకులు వెనక నెట్టే బరువును కూడా ఆపాలంటే 29 మీటర్లు దాటుతుంది. బ్రేకు నొక్కాలని తోచే ఒక్క సెకనులో పోయే 17 మీటర్లు దీనికి అదనం. 750 కిలోలు మించిన ట్రాలీకి ఓవర్‌రన్ బ్రేకు పెట్టించమని గట్టిగా చెబుతాం. బండి నెమ్మదించగానే ట్రాలీ ముందుకు నెట్టే ఒత్తిడితోనే దాని డ్రమ్ములు పట్టే ఏర్పాటు అది, వైర్లతో పని లేదు. అది లేనంతవరకు హైవేలో 60 దాటొద్దు.

ట్రాలీ ఊగడం మొదలైతే ఆక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని ఊరుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పబోతే మీ చెయ్యి ఎప్పుడూ అర సెకను ఆలస్యం, దాంతో ఊపు పెరుగుతుంది. బ్రేకు గట్టిగా తొక్కినా అంతే.

బరువు మోయట్లేదని వెనక కమాన్ కట్టలో ఒక పట్టా ఎక్కువ వేయించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దీనికో చిక్కుంది. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీతో పనిచేసే లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. బాడీ కుంగితే లోడుందని తెలుసుకుని వెనక బ్రేకులకు ప్రెషర్ పెంచుతుంది. పట్టా వేశాక లోడు వేసినా బాడీ కుంగదు, వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుంటుంది, భారమంతా ముందు బ్రేకులే మోస్తాయి. పట్టా వేయించక తప్పకపోతే ఆ కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేయించాలి. నెలకే ముందు ప్యాడ్లు అరిగిపోతున్న బండ్లలో చూడాల్సిన మొదటి చోటు ఇదే.

వారం రోజుల బండి

ఖాళీ పికప్ వెనక ఎగరడం దాని జబ్బు కాదు, టన్ను మోయడానికి కట్టిన కమాన్ల స్వభావం. డోరు దగ్గర స్టిక్కరులో ఖాళీకి, లోడుకు వేర్వేరు గాలి అంకెలుంటాయి. లోడు రోజున కొట్టించిన గాలితోనే వారమంతా తిరిగితే టైరు మధ్యలో అరుగుతుంది, నడుము నొప్పి ఉచితం. వానలో ఖాళీ బండి వెనక చక్రాలు తేలిగ్గా జారతాయి. 25 కిలోల ఇసుక మూటలు నాలుగు, సరిగ్గా ఇరుసు పైన, కదలకుండా కట్టి ఉంచండి. వెనక డోరు దగ్గర వేస్తే ముందు తేలికవుతుంది.

బీఎస్6 బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు దానికి పడవు. మసి కాలాలంటే ఫిల్టర్ 600 డిగ్రీల దాకా వేడెక్కాలి, అది మారతహళ్లి సిగ్నల్ దగ్గర జరిగే పని కాదు. దీపం వెలిగితే హోస్కోటె టోల్ దాటి 2,000 ఆర్‌పీఎం పైన ఇరవై, ముప్పై నిమిషాలు నిలకడగా నడపండి. మధ్యలో ఇంజిన్ ఆపితే శుభ్రం సగంలో ఆగి, అందుకోసం స్ప్రే అయిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడం అందరూ చూస్తారు. పెరగడం కూడా చూడండి. పెరిగి, డీజిల్ వాసన వేస్తుంటే ఆయిల్ వెంటనే మార్చాలి. వారానికోసారి ట్రాలీతో హైవే ఎక్కే బండికి ఈ తంటా తక్కువ.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. మన బోరు నీళ్లలోని సున్నం లోపలి గొట్టాలను పూడ్చేస్తుంది, అది బయటపడేది కూడా ఎక్కుడు మీదే. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. ఎక్కుడులో ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పాకుతుంటే ముందు ఏసీ ఆపి, గేరు దించి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టండి. చెమట పట్టినా ముల్లు దిగుతుంది. దిగకపోతే పక్కన ఆపి, ఇంజిన్‌ను రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి. మూత జోలికి అరగంట దాకా పోవద్దు.

డెడ్ అయిన కారునో ఆటోనో తాడుతో లాగాల్సి వస్తే, రెండింటి మధ్య 5 మీటర్లు మించకూడదు, వెనక బండి మీద 'ఆన్ టో' అని బోర్డు ఉండాలి. వెనక బండిలో తాళం ఆన్ చేసి ఉంచాలి, లేదంటే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఇంజిన్ ఆగిన కారుకు బ్రేకు రాయిలా ఉంటుందని అందులో కూర్చున్నవాడికి ముందే చెప్పండి. ఆటోమేటిక్ గేరు కారు అయితే తాడు వద్దు, ఫ్లాట్‌బెడ్ పిలవండి.

రివర్సులో ట్రాలీని క్రాసు రోడ్డులోకి తిప్పేటప్పుడు చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టండి. ట్రాలీ ఎటు పోవాలో చెయ్యి అటు జరపడమే. పొట్టి ట్రాలీ పొడవుదానికంటే త్వరగా మడత పడుతుంది. మడత మొదలైతే సరిచేయబోకుండా ముందుకు లాగి మళ్లీ రండి.

షెడ్డుకు చేరాక ట్రాలీ రెండు హబ్బుల మీదా అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి ఆనించలేనంత వేడి ఒక పక్కే ఉంటే బేరింగు బిగువైనా కావాలి, గ్రీజైనా అయిపోయి ఉండాలి. చక్రం లేపి తిప్పుతూ నట్టు బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: 2219 అంటే 2019లో 22వ వారం. ట్రాలీ టైరు అరిగి చావదు, ఎండలో నిలబడి పగుళ్లతో చస్తుంది. ఆరేళ్లు దాటితే గీతలు ఎంత లోతుగా ఉన్నా మార్చేయాలి. ఇక విప్పేటప్పుడు చక్రాలకు రెండు వైపులా అడ్డు, తర్వాత జాకీ కాలు, తర్వాత వైరు, చైన్లు, అన్నిటికంటే చివర పిన్ను. పిన్ను ముందు తీసి, బెంగళూరు వాలు వీధిలో ట్రాలీ వెనక పరిగెత్తినవాళ్లు ఎప్పుడూ ఉంటూనే ఉంటారు.